రెండుసార్లు మునిగిన ఇంటికి ఫెమా గ్రాంట్ వస్తుందా? హ్యూస్టన్ నుంచి అడిగినవారికి జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. కేటీ దగ్గర, హారిస్ కౌంటీ పరిధిలో 2015లో ఇల్లు కొన్నారు. 2016 ఏప్రిల్‌లో ‘టాక్స్ డే’ వరద అని పేరుపడ్డ వానకి ఒకసారి, 2017లో హార్వీ తుఫానుకి మరోసారి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. రెండుసార్లూ ఫ్లడ్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ అందింది. ఇప్పుడు లోన్ తీరిపోతోంది, ప్రీమియం మాత్రం ఏటా పెరుగుతోంది, అందుకని పాలసీ ఆపేద్దామనుకుంటున్నారు. ఒక కాంట్రాక్టర్ వచ్చి ‘ఇల్లు పైకెత్తి ఇస్తాను, డబ్బు తర్వాత ఫెమా ఇచ్చేస్తుంది’ అన్నాడు. (ఫెమా అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ.) ఇంకా హెచ్‌1బీ వర్క్ వీసా మీదే ఉన్నారు. గ్రాంట్‌కి ఎలా అప్లై చేయాలి, లేక అమ్మేసి వెళ్లిపోవడమే మంచిదా అన్నది అసలు సందేహం. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్న అత్తగారింటికి ఇలాంటి పథకం ఉందా అని కూడా అడిగారు.

టెక్సస్‌లో వరద ముంపు ప్రాంతాల పర్మిట్లు, స్థానిక ప్రభుత్వాల గ్రాంట్ దరఖాస్తులు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ముందు రెండు మాటలు తేల్చి చెప్తాను. పాలసీ ఆపకండి. ఆ కాంట్రాక్టర్‌కి ఒక్క డాలర్ కూడా అడ్వాన్స్ ఇవ్వకండి. ఎందుకో చెప్పాలంటే ఈ డబ్బు ఎలా ప్రయాణిస్తుందో మొదట తెలియాలి.

వరద వచ్చాక ఫెమా వెబ్‌సైట్‌లో మన పేరుతో అప్లై చేసుకునే సాయం ఒకటుంది. అది తాత్కాలిక వసతికీ, చిన్న మరమ్మతులకీ. మీరు అడుగుతున్నది అది కాదు. మళ్లీ మునగకుండా ఇల్లు ఎత్తడానికో, ప్రభుత్వమే ఆ ఇల్లు కొనేయడానికో ఇచ్చే గ్రాంట్ వేరే దారి. అందులో ఇంటి యజమాని నేరుగా అప్లై చేయడానికి వీల్లేదు. ఫెమా డబ్బు రాష్ట్రానికిస్తుంది. రాష్ట్రం కౌంటీకో, సిటీకో, వరద నియంత్రణ జిల్లాకో ఇస్తుంది. వాళ్లు తమ దరఖాస్తులో మీ ఇంటిని చేర్చుకుంటేనే మీ దాకా వస్తుంది. కాబట్టి మీరు ఒప్పించాల్సింది వాషింగ్టన్‌ని కాదు, మీ కౌంటీలో ముంపు ప్రాంతాల పని చూసే ఫ్లడ్‌ప్లెయిన్ విభాగాన్ని. మన వాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఫెమా హెల్ప్‌లైన్‌కి ఫోన్లు చేసి విసిగిపోతారు. పది మైళ్ల దూరంలో ఉన్న కౌంటీ ఆఫీసు గుమ్మం మాత్రం తొక్కరు. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇది.

ఆ గ్రాంట్లు ప్రధానంగా మూడు. మొదటిది హెచ్‌ఎంజీపీ, అంటే హజార్డ్ మిటిగేషన్ గ్రాంట్ ప్రోగ్రామ్. 1988 నాటి స్టాఫర్డ్ చట్టం 404వ సెక్షన్ కింద, అధ్యక్షుడు పెద్ద విపత్తు ప్రకటించిన తర్వాత, ఆ విపత్తుకి కేంద్రం పెట్టిన ఖర్చులో కొంత శాతం లెక్కగట్టి రాష్ట్రానికి ఇచ్చే సొమ్ము. టెక్సస్‌లో దీన్ని రాష్ట్ర ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ విభాగం నడుపుతుంది. రెండోది ఎఫ్‌ఎంఏ, అంటే ఫ్లడ్ మిటిగేషన్ అసిస్టెన్స్. 1994 చట్టంతో మొదలైంది. ఇది కేవలం కేంద్ర ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్, అంటే ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ ఉన్న ఇళ్లకే. టెక్సస్‌లో దీన్ని చూసేది వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు. మూడోది బ్రిక్. 2018 చట్టం నుంచి పుట్టింది, ఎక్కువగా ఊరికంతటికీ పనికొచ్చే పెద్ద పనుల కోసం. మీ ఇంటికి సరిపోయేది రెండోదే. అందుకే పాలసీ ఆపొద్దన్నాను. దరఖాస్తు సమయానికి ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ అమల్లో లేకపోతే ఆ తలుపు మూసుకున్నట్టే. ప్రైవేటు కంపెనీ ఫ్లడ్ పాలసీ చౌకగా దొరికిందని మారిపోయినా అదే పరిస్థితి. ఈ సంగతి ఏజెంట్లు చెప్పరు, చాలామందికి తెలియదు కూడా.

ప్రీమియం ఎందుకు పెరుగుతోందో కూడా చెప్తాను. 2021 అక్టోబర్ నుంచి ఫెమా కొత్త రేట్ల పద్ధతి తెచ్చింది. ఇదివరకు ముంపు మ్యాప్‌లో మీ జోన్‌కి ఉన్న అక్షరం చూసి రేటు వేసేవారు. ఇప్పుడు కాలువకి ఎంత దూరం, ఇల్లు ఎంత ఎత్తు, తిరిగి కట్టాలంటే ఎంతవుతుంది అన్న లెక్కలతో వేస్తున్నారు. అసలు రేటుకి చేరేదాకా చాలా ఇళ్లకి ఏడాదికి 18 శాతం మించకుండా పెంచుతూ పోతారు. ఇది భారమే, కాదనను. కానీ భవనానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా, సామాన్లకి లక్ష దాకా రక్షణ ఇచ్చే పాలసీ అది. ఒకసారి ఆపేసి మళ్లీ తీసుకుంటే అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది. గల్ఫ్‌లో తుఫాను పుట్టి మన తీరం చేరడానికి వారం కూడా పట్టదు. ఖర్చు తగ్గించాలంటే డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో మన చేతి నుంచి పెట్టుకునే మొత్తం, పెంచుకోండి, సామాన్ల కవరేజి తగ్గించుకోండి. పాలసీని మాత్రం బతకనివ్వండి.

ఇప్పుడు మీ ఇంటి విషయానికొద్దాం. పదేళ్ల వ్యవధిలో వెయ్యి డాలర్లు దాటిన క్లెయిములు రెండు ఉంటే ఇన్సూరెన్స్ లెక్కలో ఆ ఇల్లు ‘రిపిటిటివ్ లాస్’ కిందికి వస్తుంది. మీది వచ్చే ఉంటుంది. ఈ ముద్ర ఇంటిదే గాని యజమానిది కాదు, ఎవరు కొన్నా ఇంటితో పాటే వెళ్తుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎఫ్‌ఎంఏ గ్రాంట్‌లో కేంద్రం మామూలుగా 75 శాతం భరిస్తుంది, మిగతా 25 శాతం స్థానికంగా తేవాలి. రిపిటిటివ్ లాస్ ఇళ్లకి కేంద్ర వాటా 90 శాతం దాకా, తీవ్రమైన రిపిటిటివ్ లాస్ ఇళ్లకి నూటికి నూరు శాతం దాకా వెళ్తుంది. కానీ ఆ 90 శాతం కోసం గ్రాంట్ చట్టం వాడే నిర్వచనం ఇన్సూరెన్స్ నిర్వచనం కంటే గట్టిది. రెండు వరదల్లోనూ జరిగిన నష్టం సగటున ఆనాటి ఇంటి విలువలో 25 శాతానికి తగ్గకూడదు. తీవ్రమైన కోవకి రావాలంటే ఐదు వేల డాలర్లు దాటిన క్లెయిములు నాలుగైనా ఉండాలి, లేదా రెండు క్లెయిములు కలిపితే భవనం విలువనే మించాలి. ఇల్లు విలువంటే ఇక్కడ స్థలం తీసేసి భవనానిది మాత్రమే. హార్వీలో మీ ఇంట్లో రెండు మూడు అడుగుల నీళ్లు నిలిచి ఉంటే, టాక్స్ డే క్లెయిమ్ కూడా కలిపితే, భవనం విలువని మించిపోయే అవకాశం లేకపోలేదు. ఊహతో వదిలేయకుండా ఫెమాకి రాసి మీ ఇంటి క్లెయిముల చరిత్ర తెప్పించుకోండి. యజమాని అడిగితే ఇస్తారు. మీకంటే ముందున్నవాళ్ల క్లెయిములు కూడా అందులో కనబడతాయి, ఒక్కోసారి అవే మీ ఇంటిని పై కోవలోకి తోసేస్తాయి.

అసలు ఈ పథకాలు ఇప్పుడు నడుస్తున్నాయా అన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. 2021 మౌలిక వసతుల చట్టం ఎఫ్‌ఎంఏకి ఐదేళ్లకి 350 కోట్ల డాలర్లు కేటాయించింది. అది ఈ పథకానికి ఎన్నడూ లేనంత పెద్ద మొత్తం. అయితే 2025 ఏప్రిల్‌లో ఫెమా బ్రిక్‌ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాని మీద ఇరవై రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి, ఆగస్టులో బోస్టన్ ఫెడరల్ జడ్జి ఆ సొమ్ము వేరే పనులకి మళ్లించకుండా అడ్డుకున్నారు. అదే 2025లో కొత్తగా ప్రకటించిన ఎన్నో విపత్తులకి రాష్ట్రాలు అడిగినా హెచ్‌ఎంజీపీ మంజూరు చేయలేదు. కనుక డబ్బు ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందన్న విషయంలో ఎవరైనా మీకు ఖచ్చితంగా హామీ ఇస్తే నమ్మకండి. కానీ చట్టాలు చట్టాలుగానే ఉన్నాయి. గ్రాంట్ ప్రకటన వెలువడ్డాక దరఖాస్తుకి ఇచ్చే గడువు కొన్ని నెలలే. అప్పటికి కాగితాలు సిద్ధంగా ఉన్న ఇళ్లనే కౌంటీలు జాబితాలో పెడతాయి. ప్రకటన చూశాక కాగితాలు వెతుక్కునేవాళ్లు తర్వాతి విడతకి జారిపోతారు.

ఈ ఖర్చు దండగ అనుకునేవాళ్లకి ఒక్క లెక్క చాలు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిల్డింగ్ సైన్సెస్ 2019 నివేదిక ప్రకారం ఇలాంటి ఫెడరల్ గ్రాంట్లలో పెట్టిన ప్రతి డాలర్‌కి సగటున ఆరు డాలర్ల నష్టం తప్పుతోంది. ఇంత లాభమున్న పనిని ఆపడం నాకు ఏ కోణంలోనూ అర్థం కాదు.

కాంట్రాక్టర్ సంగతి. ‘ముందు ఎత్తిద్దాం, ఫెమా తర్వాత ఇస్తుంది’ అన్నది వినడానికి బాగుంటుంది, నియమానికి నేరుగా విరుద్ధం. గ్రాంట్ మంజూరై, పర్యావరణ, చారిత్రక కట్టడాల పరిశీలన పూర్తయ్యాకే పని మొదలవ్వాలి. ముందే మొదలుపెట్టిన పనికి డబ్బు రాదు. పైగా అర్హతే పోతుంది. ఇల్లు ఎత్తడం చిన్న పనీ కాదు. హ్యూస్టన్ ఇళ్లు ఎక్కువగా నేల మీద పోసిన కాంక్రీట్ స్లాబ్ మీదే ఉంటాయి. కింద సొరంగాలు తవ్వి, స్లాబ్‌తో సహా ఇంటిని జాకీల మీద ఎత్తి, కొత్త పునాదులు కట్టాలి. లక్ష డాలర్లు దాటడం మామూలే, పెద్ద ఇళ్లకి రెండు మూడు లక్షలు కూడా అవుతుంది. నెలల తరబడి బయట అద్దెకుండాలి. తర్వాత గుమ్మానికి ఎనిమిది పది మెట్లు పడతాయి. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి ఆరేసి నెలలు ఉండే ఇంట్లో ఆ మెట్ల సంగతి ఇప్పుడే ఆలోచించుకోవాలి. డ్రాయింగ్ దశలోనే ర్యాంప్ గురించో, లిఫ్ట్ గురించో అడగండి. ఇల్లు లేచాక అడిగితే ఖర్చు మీ జేబులోంచే.

మీ వాటాగా రావాల్సిన 25 శాతమో, 10 శాతమో సాధారణంగా ఇంటి యజమాని మీదే పడుతుంది. దానికి ఆసరా మీ పాలసీలోనే ఉంది. ఎన్‌ఎఫ్‌ఐపీలో ఐసీసీ అనే కవరేజి ఉంటుంది, గరిష్ఠంగా 30 వేల డాలర్లు. వరద నష్టం భవనం విలువలో సగానికి చేరిందని స్థానిక అధికారి నిర్ధారించి, ఇంటిని నియమాల ప్రకారం ఎత్తమనో, కూల్చమనో చెప్పినప్పుడు ఇది వర్తిస్తుంది. ఆ సొమ్మును గ్రాంట్‌లో స్థానిక వాటాగా చూపించవచ్చు. దానికి గడువులుంటాయి కాబట్టి 2017 నష్టానికి ఇప్పుడు పని చేయదు. మళ్లీ నీళ్లొస్తే మాత్రం మొదటి వారంలోనే కౌంటీని ఆ నిర్ధారణ పత్రం అడగండి. ‘సగం దాటింది’ అన్న మాట వినగానే భయపడి, వద్దు తక్కువ రాయండి అని బతిమాలేవాళ్లని చూశాను. మరమ్మతు త్వరగా అయిపోతుందన్న ఆశతో వాళ్లు చేజేతులా వదులుకునేది ఆ 30 వేలతో పాటు తర్వాత వచ్చే గ్రాంట్‌లో ప్రాధాన్యాన్ని కూడా.

ఇక బయౌట్, అంటే కౌంటీయే ఇల్లు కొనేసి, కూల్చేసి, ఆ స్థలాన్ని శాశ్వతంగా ఖాళీగా ఉంచడం. హారిస్ కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్ 1985 నుంచి ఈ పని చేస్తోంది. హార్వీ వచ్చి సరిగ్గా ఏడాదైన రోజున, 2018 ఆగస్టు 25న, కౌంటీ ఓటర్లు 250 కోట్ల డాలర్ల వరద బాండ్లకి ఒప్పుకున్నారు. అలాంటి స్థానిక సొమ్ము ఉన్న చోట ఫెడరల్ గ్రాంట్‌కి వాటా కలపడం సులువు. ఫెమా డబ్బుతో జరిగే బయౌట్‌లో బలవంతం ఉండదు. మీకు ధర నచ్చకపోతే చివరి సంతకం దాకా కాదనవచ్చు. వాళ్లు మొదట చూసేది బాగా లోతట్టులో ఉండి, ఏ కాలువ వెడల్పు చేసినా, ఏ చెరువు తవ్వినా బాగుపడని వీధుల్ని. ఒక్క ఇల్లు కొని నాలుగు వదిలేస్తే అటు రోడ్డూ డ్రైనేజీ నిర్వహించక తప్పదు, ఇటు ఖాళీ స్థలమూ ఉపయోగపడదు. అందుకే వరసగా ఉన్న ఇళ్లవాళ్లు కలిసొస్తే విలువెక్కువ.

ధర దగ్గర మీ వీసా ప్రశ్న వస్తుంది. తెలుగువాళ్ల మధ్య దీని గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. వరద తర్వాత ఇంటి ధర పడిపోతుంది కాబట్టి బయౌట్‌లో వరదకి ముందున్న మార్కెట్ ధర ఇవ్వొచ్చని నియమం. కానీ ఆ పాత ధర ఇవ్వాలంటే యజమాని వరదనాటికే ఆ ఇంటిని కొని ఉండాలి, అమెరికా జాతీయుడో, చట్టం చెప్పే ‘క్వాలిఫైడ్ ఏలియన్’ కోవకి చెందినవాడో అయ్యుండాలి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు ఆ కోవలోకి వస్తారు. హెచ్‌1బీ, ఎల్1 వాళ్లు రారు. వాళ్లకి బయౌట్ లేదని కాదు, ఇప్పటి మార్కెట్ ధరే ఇస్తారు. వరద వచ్చిన ఏడాదిలోనే అమ్మేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. మీ విషయంలో హార్వీ తర్వాత ఏళ్లు గడిచాయి, మార్కెట్ పుంజుకుంది కాబట్టి ఇప్పటి ధరే మీకు మేలు కావచ్చు. ఇంటి పత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండి, ఒకరికి ముందుగా గ్రీన్‌కార్డ్ వస్తే ఆ విషయం కౌంటీకి వెంటనే తెలియజేయండి. వరద వెంటనే ఇచ్చే ఫెమా నగదు సాయానికి కూడా ఇదే అడ్డు. అయితే ఇంట్లో ఇక్కడే పుట్టిన పిల్లలుంటే, వాళ్ల తరఫున తల్లిదండ్రులు ఆ సాయానికి అప్లై చేసుకోవచ్చు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ కొనడానికి వీసాతో పనే లేదు. మన దగ్గర వీసా మీద ఉన్న కుటుంబాలకి అన్నిటికంటే గట్టి రక్షణ పాలసీయే అనడానికి అసలు కారణం ఇదే.

బయౌట్ ధరలోంచి కోతలు కూడా ఉంటాయి. ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు ఇవ్వకూడదన్నది నియమం. వరదకి ముందు ధర ఇస్తున్నప్పుడు, మరమ్మతుకని మీకు వచ్చిన ఇన్సూరెన్స్ సొమ్ములో ఎంత నిజంగా మరమ్మతుకి పెట్టారో రసీదులతో చూపించాలి. చూపించలేని మొత్తాన్ని తీసేస్తారు. మనవాళ్లు తెలిసినవాళ్ల ద్వారా, నగదు ఇచ్చి, షీట్‌రాక్, ఫ్లోరింగ్ పనులు చేయించుకుంటారు. పని బాగానే జరుగుతుంది, కాగితం మాత్రం ఉండదు. పది వేలు మిగిలిందనుకున్న చోట నలభై వేలు పోవచ్చు. హార్వీ నాటి బిల్లులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, హోమ్ డిపో రసీదుల ఫొటోలు ఏవి దొరికినా ఒకచోట పెట్టండి. ఇల్లు అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దెదారులకి వేరే చోటికి మారడానికి ఫెడరల్ చట్టం ప్రకారం విడిగా సాయం ఉంటుంది, వాళ్లకి ఆ సంగతి చెప్పడం మీ ధర్మం.

ఎంత కాలం పడుతుందంటారా? ఫెమా సొమ్ముతో జరిగిన బయౌట్లని పరిశీలించిన పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ 2019 నివేదికలో, వరద నుంచి బయౌట్ పని ముగిసే దాకా మధ్యస్థంగా ఐదేళ్లకి పైగా పట్టినట్టు తేలింది. స్థానికంగా సొంత డబ్బున్న చోట్ల ఇంత జాప్యం ఉండదు. నార్త్ కరోలినాలో షార్లట్-మెక్లెన్‌బర్గ్ వాళ్లు వాననీటి రుసుము వసూళ్లతోనే ముంపు ఇళ్లు కొంటారు. ముంపు ఇళ్లు కొనే న్యూజెర్సీ బ్లూ ఏకర్స్ కార్యక్రమం 1995 నుంచి ఉంది. ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ చుట్టుపక్కల 2021 ఐడా తుఫాను వానకి మునిగిన మన కుటుంబాలు అక్కడే మొదలుపెట్టాలి.

మీ ఇల్లు ఎఫ్‌ఎంఏ జాబితాలోకి ఎలా వెళ్తుందన్నది ఇప్పుడు. కౌంటీ చూసేది పాలసీ, క్లెయిముల చరిత్ర, ఆపై ఖర్చుకి తగ్గ లాభం. లాభం లెక్కలో రెండు దారులున్నాయి. ముంపు జోన్ మ్యాప్‌లో, అంటే ఏటా 1 శాతం వరద అవకాశం ఉన్న గీత లోపల ఇల్లుంటే, ఫెమా ముందే లెక్కగట్టి పెట్టిన సగటు లాభం వాడుకోవచ్చు. 2021లో అది బయౌట్‌కి 3,23,000 డాలర్లు, ఎత్తడానికి 2,05,000 డాలర్లుగా నిర్ణయించారు. ఖర్చు ఆ లోపు ఉంటే చేంతాడంత విశ్లేషణ అక్కర్లేదు. తర్వాత ఆ అంకెలు సవరించారు కాబట్టి ఇప్పటివి కౌంటీని అడగండి. గీత బయట ఉంటే మాత్రం మీ ఇంటి నష్టాలన్నీ విడిగా రుజువు చేయాలి. హార్వీలో హారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో మూడింట రెండొంతులకి పైగా ఆ గీత బయటివే, కాబట్టి మ్యాప్‌లో లేదంటే నీళ్లు రావని కాదు. అటువంటి ఇళ్లకి నీళ్లు ఎన్ని అంగుళాలు వచ్చాయో కొలిచిన గుర్తు, తేదీ ఉన్న ఫొటో, ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చెప్తూ సర్వేయర్ ఇచ్చే ఎలివేషన్ సర్టిఫికెట్ ప్రాణం లాంటివి. సర్టిఫికెట్‌కి కొన్ని వందల డాలర్లవుతుంది. ఇన్సూరెన్స్ రేటు తగ్గించడానికి కూడా అది పనికి రావచ్చు.

మీ ప్రాంతంలో ఇంకో విషయం చూసుకోవాలి. కేటీ, సింకో రాంచ్ వైపు కొన్ని కాలనీలు బార్కర్, ఆడిక్స్ రిజర్వాయర్ల వెనక నీళ్లు నిలిచే ప్రాంతంలో ఉన్నాయి. 1940ల్లో ఆర్మీ ఇంజనీర్లు హ్యూస్టన్ నగరాన్ని కాపాడటానికి కట్టినవి అవి. హార్వీలో నిండి వెనక్కి పోటెత్తాయి. అక్కడి ఇళ్లది కాలువ వరద కాదు, రిజర్వాయర్ ముంపు. 2019 డిసెంబర్‌లో ఫెడరల్ కోర్టు ఈ విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అని తీర్పు చెప్పింది. మీ ఇల్లు ఆ పరిధిలో ఉందో లేదో ఆర్మీ ఇంజనీర్ల మ్యాప్‌లో చూసుకోండి. ఉంటే గ్రాంట్‌తో పాటు ఆ కేసుల సంగతి ఒక లాయర్‌ని అడిగి తెలుసుకోవడం వేరే పని.

గ్రాంట్ వచ్చేలోపు ఊరికే కూర్చోనక్కర్లేదు. బయట ఏసీ యూనిట్, వాటర్ హీటర్ ఎత్తుకి మార్చండి. మురుగు లైన్‌కి వెనక్కి పోటెత్తకుండా వాల్వ్ పెట్టించండి. కింది మూడు నాలుగడుగుల గోడకి నీటికి పాడవని పదార్థం వాడండి. ముఖ్యమైన యంత్రాలు ఎత్తుకి మారిస్తే ఇప్పటి రేట్ల పద్ధతిలో ప్రీమియంలో తగ్గింపు ఉంది. ముంపు జోన్‌లో ఏ పని చేసినా పర్మిట్ తీసుకోండి. పర్మిట్ లేని పని తర్వాత గ్రాంట్ దరఖాస్తులో గొంతుకి అడ్డం పడుతుంది.

అమ్మేయాలా అంటే, నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీ క్లెయిములు తీవ్ర కోవలో ఉండి, వీధిలో కొందరు కలిసి వస్తే, ఉండి ప్రయత్నించడం అర్థవంతం. ఇంట్లో నీళ్లు కొన్ని అంగుళాలే వచ్చి, ఇల్లు గీత బయట ఉంటే గ్రాంట్ మీద ఆశ పెట్టుకుని మూడు నాలుగేళ్లు పోగొట్టుకోవద్దు, చిన్న పనులు చేసుకుని పాలసీతో ఉండండి, లేదా అమ్మండి. అమ్మితే మాత్రం 2019 సెప్టెంబర్ నుంచి టెక్సస్ చట్టం ప్రకారం పాత వరదలూ, ముంపు జోనూ, రిజర్వాయర్ పరిధీ కొనేవాళ్లకి రాసి ఇవ్వాలి. కొనేది మన కమ్యూనిటీవాళ్లే అయితే మరీ జాగ్రత్త. ఏజెంట్ ‘అది అడగరులెండి’ అన్నా వినకండి.

విజయవాడ ప్రశ్న. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్‌నగర్ కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ మునిగితే 25 వేలు, పై అంతస్తులవాళ్లకి 10 వేలు ఇచ్చింది. అది సాయం. ముందస్తు నివారణకి విడిగా నిధి కూడా ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం దానికి చోటిచ్చింది, 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 26 వరకు రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతం నివారణకే కేటాయించాలని చెప్పింది. నగర వరదలకని హైదరాబాద్‌కి 250 కోట్లు సిఫార్సు చేసింది, ఆ జాబితాలో విజయవాడ లేదు. ఆ డబ్బు ప్రభుత్వ పనులకే వెళ్తుంది, ఒక ఇంటిని ఎత్తడానికో, కొనడానికో ఇక్కడిలా దరఖాస్తు పద్ధతి అక్కడ లేదు. అత్తగారింట్లో కరెంటు మీటరు, మోటారు, పత్రాలు పై అంతస్తుకి మార్చడం, ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద రక్షణ ఉందో లేదో చూడటం మీ చేతిలో ఉన్న పనులు.

ఇప్పుడు కౌంటీకి రాయాల్సిన ఉత్తరం. హారిస్ కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్ బయౌట్ విభాగానికీ, కౌంటీ ఇంజనీర్ ఆఫీసులో ఫ్లడ్‌ప్లెయిన్ అధికారికీ ఒకటే మెయిల్ పంపండి. ఇంటి చిరునామా, ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ నంబర్, రెండు క్లెయిముల తేదీలూ మొత్తాలూ, ఇంట్లో నీళ్లు ఎన్ని అంగుళాలు వచ్చాయో, ఎత్తడానికీ అమ్మడానికీ రెండింటికీ మీరు సిద్ధమేనా అన్నది రాయండి. తర్వాత మూడు ప్రశ్నలు: మా ఇల్లు ఇప్పటి ప్రాధాన్య ప్రాంతాల్లో ఉందా, వచ్చే ఎఫ్‌ఎంఏ విడతకి ఆసక్తి జాబితాలో పేరు చేర్చగలరా, కౌంటీ విపత్తు నివారణ ప్రణాళికలో మా కాలనీకి ఏ పని రాసి ఉంది. ఆ ప్రణాళిక ఐదేళ్లకోసారి సవరిస్తారు, అందులో లేని పనికి గ్రాంట్ కష్టం. సవరణ సభలు పెట్టినప్పుడు వెళ్లి మీ వీధి పేరు చెప్పండి. మీ కాలనీకి నీళ్లు, మురుగు సౌకర్యం చూసే ఎంయూడీ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) బోర్డుని కూడా కలవండి, అది స్థానిక ప్రభుత్వమే కాబట్టి సొంతంగా దరఖాస్తు పెట్టగలదు. హెచ్‌ఓఏకి, అంటే ఇళ్ల యజమానుల సంఘానికి, ఆ అవకాశం లేదు. కౌంటీ నుంచి నెలలో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద మళ్లీ రాయండి, కొత్తగా మొదలుపెట్టకండి. పాత తేదీ కనబడేలా ఉంచడం మీకు మంచిది.